రెండు దినాలు బందు

షట్టర్ మీద సుద్దముక్కతో రాసినవు
రెండు దినాలు బందు అని.
ఎందుకో కూడ రాయి, అడుగుతరు గద, అంటే
కాసేపు ఆలోచించి
సుద్దముక్క జేబుల వేసుకున్నవు.

పదకొండేండ్లల మనం బస్సెక్కిందంతా
ఎవరో చచ్చిపోతేనో, ఎవరికో పెండ్లయితేనో.
ఊరికెనే పోవుడు ఇదే మొదలు.
వనపర్తి బస్టాండుల దొంగల లెక్క నిలవడ్డం,
ఎవరన్న ఎదురై ఎటు పోతున్రంటే
ఏం చెప్పాలెనో తెల్వక.

గిర్నీ గోడకు ఒక పాత క్యాలెండరుండె.
తెల్లటి ఇండ్లు, నీలం తలుపులు,
గట్టు మీద ఆరేసిన వలలు, ఏ దేశమో ఏమో.
ఏడాది దాటినా నేను తియ్యనియ్యలే.
కారప్పొడి పట్టి ఆ సముద్రం ఎర్రవడ్డది.
"తీస్కపోత" అన్నవు ఒక దినం
రెండు తుమ్ముల నడుమ.
తుమ్ముల మాట ఎవరు లెక్కవెడ్తరు?

కొల్లాపురంల దిగి ఆటోల సోమశిలకు.
మలుపు తిరగంగనే నీళ్లు ఒక్కసారే ఎదురొచ్చినయి.
ఆగాగు, అని డ్రైవర్ భుజం పట్టినవు,
ఎవరో అడ్డమొచ్చినట్టు.

నీలం తలుపులు లేవు.
నీలం తాడిపత్రీలున్నయి, కట్టెలకు కట్టి, రాళ్లు వెట్టి.
ఒడ్డుపొంటి చేపలు ఎండుతున్నయి,
వాటిని చూడనట్టే కుక్కలు పండుకున్నయి.
శ్రీకాకుళం దిక్కు నుంచి వచ్చిన ఎర్రయ్య,
ఆయన పెండ్లాం నూకాలు,
వాళ్ల గుడిసె పక్క గుడిసె మనకిచ్చిన్రు,
నూటయాభై, చేపల పులుసుతో సహా.

సముద్రం ఇడిసిపెట్టి ఈడికెందుకొచ్చిన్రని అడిగిన.
"మేం వొగ్గలేదమ్మా, అదే మమ్మల్ని వొగ్గీసింది"
అన్నది నూకాలు, పొలుసు గీకుకుంట.
ఎట్లుంటది సముద్రం?
నీలంగ అంటదనుకున్న, పెద్దగ అంటదనుకున్న.
"అరుస్తాది. రేయీ పగలూ అరుస్తాది.
ఇక్కడికొచ్చిన కొత్తలో
ఈ నీళ్ల కాడ నిద్దరే రాలేదు."
మా గిర్నీ లెక్కనేనా, అన్న.
ఆమెకు గిర్నీ తెల్వదు. నవ్వింది.

రాత్రి నువ్వు ముండ్లు ఏరి నా పళ్లెంల వెడ్తుంటె
ఉప్పు తక్కువైందన్న నేను,
బాగనే ఉన్నదన్నవు నువ్వు.
పక్క గుడిసెల నుంచి నూకాలు ఉరికొచ్చింది:
"ఏటమ్మా, కొట్టుకుంటన్నారేటి?"
కొట్లాట కాదక్కా,
మేం మాట్లాడుకునుడే గిట్ల.
ఆ మిషన్ మీదికెళ్లి వినపడాలె గద.
తర్వాత ఇద్దరం గొంతు తగ్గించి చూసినం.
తగ్గిస్తె
ఏం మాట్లాడాలెనో యాదికి రాలె.

తెల్లారి పుట్టెక్కినం.
అది బొంగరం లెక్క తిరుగుతుంటె
రెండు చేతుల అంచు పట్టుకోని
"అన్నా మెల్లగ, అన్నా మెల్లగ" అన్నవు,
నీకంటె పదేండ్లు చిన్నోన్ని.
వలల నాలుగు జెల్లలు, ఒక చెప్పు,
ఏలెడంత పిల్లలు.
పిల్లల్ని నీళ్లలకు ఇసిరేసిండు ఎర్రయ్య.
ఒక్కదాన్ని నువ్వు ఇడిసినవు,
ఇసరలే, దోసిట్ల నీళ్లు వట్టి
అది దానంతట అదే పోయేదాక ఆగినవు.

అప్పుడే అన్నవు ఏదో.
"ఉసేనమ్మా" అన్నది వినవడ్డది,
తర్వాతది నీళ్లంత మెల్లగ ఉండె.
ఏందీ! అని అరిచిన, అలవాటు.
అవతల నల్లమల గుట్ట కూడ ఏందీ అన్నది.
ఎర్రయ్య తెడ్డు ఆపిండు.
నువ్వు చెప్పు తీసి నీళ్లు వంపుకుంట
ఏం లేదులే అన్నవు.

ఇయ్యాల షట్టర్ ముంగట
ఇంత పెద్ద మూటతోని కాశమ్మ కూసున్నది.
"యాడికి పోతిరి కుర్మయ్యా, ఎవరన్న పోయిన్రా?"
ఎవరు పోలేదు, అన్నవు.
సుద్ద రాత తడిగుడ్డతో తుడిసినవు, "బందు" సగం మిగిలింది.
స్విచ్చి మీద చెయ్యి వెట్టి ఒక గడియ
నా దిక్కు చూసినవు.
నేను మిరపకాయల దిక్కు చూసిన.

నువ్వన్నదేందో ఇంక తెల్వదు.
అడగాలె,
కరెంటు పోయినప్పుడు.